గేటు బయటి అదృష్టం

“ఇవాళ ఇంకో ట్రే ఎక్కువ చెయ్యి రాగీ. ప్లేఆఫ్ మ్యాచ్ కదా, జనం బాగా వస్తారు,” అన్నాడు ఫణి, తాగిన కాఫీ కప్పు సింకులో పెట్టి. కడగలేదు. కడగడని నాకూ తెలుసు, సింకుకీ తెలుసు.

నా చేతులు మోచేతుల దాకా పెరుగులో, కారంలో ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే ఫ్రిస్కోలో మా వీధి వీధంతా నిద్రపోతుంటే, నేను వంటింట్లో నిలబడి కోడిముక్కలకి మసాలా పట్టించడం ఇది మూడో సీజన్. ఎవరింట్లోనూ పెళ్ళి కాదు, పేరంటమూ కాదు. మా ఊరి సాకర్ జట్టు ఆడుతోంది. ఆట మధ్యాహ్నం. అంతకు ముందు స్టేడియం పార్కింగ్ లాట్‌లో టెంట్లు వేస్తారు, గ్రిల్లు వెలిగిస్తారు, తింటారు, తాగుతారు. ఆట టైముకి డ్రమ్ముల వెనక ఊరేగింపుగా లోపలికి వెళ్ళి, గోల్‌పోస్టు వెనక మెట్ల మీద నిలబడి, అయిపోయేదాకా కూర్చోకుండా పాడతారు. మా ఆయన ఆ గుంపులో ఒకడు. ఆ గుంపుకి నాయకుడు గ్రెగ్. ఆఫీసులో ఫణికి మేనేజరు కూడా గ్రెగ్గే. మా గ్రీన్‌కార్డు ప్రాసెస్ కదలాలంటే గ్రెగ్ ఊ అనాలి. ఈ సంగతి ఫణి ఎప్పుడూ నోటితో చెప్పడు. “గ్రెగ్‌కి నీ చికెన్ అంటే పిచ్చి,” అని మాత్రం చెబుతాడు. “నీకూ కాలక్షేపం కదా, ఇంట్లో ఖాళీగానే ఉంటావు,” అని కూడా చెబుతాడు.

ఖాళీగా ఉండమని నా వీసాయే చెప్పింది. గుంటూరులో డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని. ఇక్కడ డిపెండెంటుని. జీతం తీసుకుని ఒక గంట పాఠం చెబితే నేరం. జీతం లేకుండా గుంపు మొత్తానికి వండి పెడితే నేరం కాదు, కల్చర్.

“ఇవాళ నేనూ లోపలికి వస్తాను ఫణీ,” అన్నాను ముక్కలు కలుపుతూనే.

అతను ఫ్రిజ్ తలుపు తీశాడు. ఏమీ తీసుకోకుండానే వేశాడు.

“టెంటు ఎవరు చూస్తారు? గ్రిల్లు చల్లారకుండా వదిలేసి రాకూడదు. పైగా టికెట్లు అయిపోయుంటాయి.”

“కౌంటర్లో ఉన్నాయని మన గ్రూపులో డెనీస్ మెసేజ్ పెట్టింది, ఎవరో అడిగితే.”

“ఇవాళ వద్దులే రాగీ. ఇవాళ మాత్రం వద్దు.”

ఆ ‘మాత్రం’ నా చెవిలో ముల్లులా దిగింది. కానీ కారం అంటిన చేతుల్తో ముల్లు తీసుకోలేం. ట్రేలకి రేకు కాగితం బిగించాను.

నేనొక్కసారే లోపలికి వెళ్ళాను. మొదటి సీజన్, మొదటి మ్యాచ్. అప్పటికి పాప పోయి రెండు నెలలు. ఆరో నెల నిండాక స్కానింగ్‌కి వెళితే గుండె చప్పుడు లేదన్నారు. మా అమ్మకి వీసా రాకపోవడంతో పురుడు పొయ్యడానికి మా అత్తయ్య భానుమతి గారు ముందే వచ్చి ఉన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు ఆ ఇంట్లో గట్టిగా ఏడవడానికి చోటు దొరకలేదు. “ఊరుకో అమ్మా, వాడు ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తాడు, ఈ ఏడుపు మొహం చూపిస్తావా,” అనేవారు. బాత్రూమ్‌లో పంపు తిప్పి ఏడిస్తే, “ఇక్కడ నీళ్ళకి కూడా బిల్లు కట్టాలట కదా,” అని తలుపు అవతల నుంచి వినపడేది. అలాంటి రోజుల్లో ఫణి నన్ను స్టేడియంకి తీసుకెళ్ళాడు, కాస్త మార్పుగా ఉంటుందని. లోపలికి అడుగు పెట్టగానే ఆ డ్రమ్ముల మోత నా పక్కటెముకల్లోకి దిగింది. చుట్టూ వందల మంది నోళ్ళు తెరిచి అరుస్తున్నారు. నేనూ నోరు తెరిచాను. వాళ్ళ పాట నాకు తెలియదు. ఊరికే అరిచాను. అరుస్తూ ఏడ్చాను. నా పక్కనున్న మనిషి నా వైపు తిరిగి చూడనైనా లేదు, అతని అరుపు అతనిది. ఒక ఆడది గొంతు చించుకుని ఏడ్చినా ఎవరూ ఊరుకోమనని చోటు ఒకటి ఈ దేశంలో ఉందని ఆ రోజు తెలిసింది. మా జట్టు నాలుగు గోల్స్ తిని ఓడిపోయింది. నాకది పట్టలేదు. గొంతు బొంగురుపోయి, ఒళ్ళు తేలికపడి ఇంటికొచ్చాను.

మళ్ళీ గేటు దాటలేదు. తర్వాతి మ్యాచ్‌కి చికెన్ తెమ్మన్నారు. ఆ తర్వాత టెంటు మనమే వేద్దామన్నాడు ఫణి. ఆ తర్వాత ఎవరో ఒకరు టెంటు దగ్గర ఉండాలి. ఆ ఎవరో ఒకరు నేనే. అప్పటి నుంచి మ్యాచ్‌లన్నీ చెవులతోనే చూశాను. గ్రిల్లు గీకుతూ, కూలర్లలో మిగిలిన ఐసు పారబోస్తూ. మా వాళ్ళు గోల్ కొడితే పార్కింగ్ లాట్‌లో కార్ల అద్దాలు అదిరేవి. అవతలి జట్టు కొడితే పక్కింట్లో గొడవ జరిగినట్టు దూరంగా చిన్న గోల. మధ్యలో ఉన్న పాటల్లో నా గొంతు ఒక్కటే లేదు.

స్టేడియం దగ్గరికి చేరేసరికి ఎండ హాయిగా ఉంది. టెక్సాస్‌లో నవంబరు ఒక్కటే మనుషుల నెల. టెంటు వేశాం. అంటే ఫణి రెండు కొసలు పట్టుకుని, “హే బ్రో!” అంటూ ఎవరి వైపో వెళ్ళిపోయాడు, మిగతాది నేను వేశాను. ఎర్ర చొక్కాల జనం చేరారు. మెడలో ఉన్ని స్కార్ఫులు, ఎంత ఎండైనా తియ్యరు. ప్లేట్లు ఖాళీ అవుతున్నాయి, మళ్ళీ నిండుతున్నాయి. “రాగిణీ, యూ ఆర్ ద బెస్ట్!” అంటున్నారు. అందులో అబద్ధం లేదు. వాళ్ళకి నేనంటే నిజంగానే ఇష్టం. ఊరేగింపుగా బయల్దేరే ముందు ఒక్కొక్కరూ వచ్చి మా టెంటు గుంజని అరచేత్తో తట్టి, నాకేసి నవ్వి వెళతారు. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. తిన్నవాళ్ళు కృతజ్ఞత చెప్పే పద్ధతి అనుకునేదాన్ని. ఆ తట్టడం కోసమే, నిజం చెప్పాలంటే, కొన్ని ఆదివారాలు ఓపిక తెచ్చుకుని వండాను.

డ్రమ్ములు సర్దుకుంటుండగా గ్రెగ్ భార్య డెనీస్ వచ్చింది. మంచి మనిషి. ఒక కొత్త స్కార్ఫు తెచ్చి నా మెడలో వేసింది.

“హనీ, ఇవాళ మాత్రం ఈ టెంటు వదిలి కదలకు, ప్లీజ్. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా ఆ చివర ఉన్నవాటికే వెళ్ళు. గేటు వైపు రాకు,” అంది నవ్వుతూ.

“ఎందుకు?”

“అదే. నీ పాదం.”

మిగతాదంతా ఇంగ్లీషే. ఆ ఒక్క మాట తెలుగు. నొక్కి నొక్కి, నేర్చుకున్న పిల్లలా పలికింది.

“ఏమిటది?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

“అయ్యో, తెలియనట్టు! ఫణి చెప్పాడుగా. మొదటిసారి నువ్వు వచ్చినప్పుడు నాలుగు-సున్నాతో ఓడిపోయాం కదా. మీ ఆచారంలో కొంతమంది ఆడవాళ్ళు కాలు పెట్టిన చోట ఏదో ఒకటి పోతుందని, నీది అలాంటి పాదమని చెప్పాడు. భలే నవ్వుకున్నాం. తర్వాతి మ్యాచ్‌కి నువ్వు బయట ఉన్నావు, గెలిచాం. ఇంక గ్రెగ్ వదుల్తాడా? సాకర్ మనుషులకి ఇలాంటివి ఉంటే చాలు. వాడు గెలిచిన రోజు వేసుకున్న సాక్స్ సీజనంతా ఉతకడు. నువ్వు మా సాక్స్ అన్నమాట!” నవ్వింది. నేను నవ్వలేదని చూసి నా చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించింది. “పాప సంగతి కూడా గ్రెగ్‌కి చెప్పాడట. ఏడ్చాడట పాపం. నీకెప్పుడూ చెప్పలేకపోయాను. ఐయామ్ సో సారీ.”

డ్రమ్ము మోగింది. అందరూ వరసగా గుంజని తట్టి వెళ్ళారు. ఫణి కూడా తట్టాడు. తట్టి, నాకు కన్ను గీటాడు.

అత్తయ్య ఫోన్లో వాళ్ళ చెల్లెలితో అనడం నేను విన్నాను, అప్పట్లో. “దాని పాదం అలాంటిదే వసుమతీ. అది గడప తొక్కిన నెలలోనే ఆయన పోయారు. ఇప్పుడు కడుపులో బిడ్డ.” మామగారికి పదేళ్ళుగా గుండె జబ్బు ఉందని వసుమతి పిన్నికీ తెలుసు. ఆ మాట విని నేను గదిలో నేల మీద కూలబడిపోతే, ఫణి వచ్చి పక్కన కూర్చున్నాడు. నా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, “అమ్మ పాతకాలం మనిషి రాగీ. పట్టించుకోకు. నేను నమ్మను,” అన్నాడు. ఆ మూడు మాటల మీద నేను ఇన్నాళ్ళూ బతికాను. కప్పు కడగకపోతే ఏం, నమ్మను అన్నాడు. నలుగురిలో నన్ను పరిచయం చెయ్యడం మర్చిపోతే ఏం, నమ్మను అన్నాడు. ఈ చికెన్, ఈ టెంటు, ఈ కూలర్లు, అన్నీ ఆ మాటకి బాకీ తీర్చడంలాగే చేశాను. అతను మాత్రం ఆ కాళ్ళని ఒళ్ళోంచి దించి, సముద్రాలు దాటించి, మా అత్తయ్య పేరు కూడా తెలియని వాళ్ళకి నవ్వుకోవడానికి ఇచ్చాడు. వాళ్ళు దాన్ని ప్రేమగా తీసుకుని గుంజకి కట్టారు. క్లాసులో ఒకే ఒక్క సంఘటన చూసి సూత్రం రాసుకొచ్చిన పిల్లలకి సున్నా వేసేదాన్ని. ఇక్కడ ఒక స్టేడియం మూల మొత్తం అదే రాసుకుని నన్ను పరీక్ష హాలు బయట కాపలా పెట్టింది.

గ్రిల్లు ఆపేశాను. నీళ్ళు పోసి చల్లార్చాను. స్కార్ఫు తీసి కుర్చీ మీద వేశాను. టికెట్ కౌంటర్ దాకా ఆగకుండా నడిచాను. కోపం అనుకున్నాను. భయం కూడా.

“ఎక్కడ కావాలి మేడమ్?”

“డ్రమ్ములకి దూరంగా.”

ఎదురు మూలలో సీటు దొరికింది. అక్కడి నుంచి మా వాళ్ళు ఎర్రగా, చిన్నగా కనిపిస్తున్నారు. పొగ లేచింది, మెట్లంతా కప్పేసేంత పెద్ద గుడ్డ మీద గీసిన బొమ్మ పైకి పాకింది. ఆ గుంపులో ఫణి ఎవరో పోల్చుకోలేకపోయాను. గ్రెగ్ మాత్రం తెలుస్తున్నాడు. ఎత్తైన బల్ల మీద, మెగాఫోన్ పట్టుకుని, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. జనం చేత పాడించేవాడు ఆట చూడడు, అది వాళ్ళ పద్ధతి. ఆట చూడకుండా జట్టుకోసం నిలబడ్డందుకు అతన్ని ఎంత గౌరవిస్తారో నాకు తెలుసు. నేనూ మూడు సీజన్లు ఆట చూడలేదు. నాకు గుంజ దొరికింది.

ఆట మొదలైంది. నాకు రూల్స్ సరిగా తెలియవు. అయినా ఒంట్లో రక్తం పరిగెత్తింది. పక్క సీట్లో ఒక మెక్సికన్ పెద్దావిడ, మా జట్టు చొక్కానే వేసుకుని, స్పానిష్‌లో తిడుతోంది. ఎవర్నో తెలియదు కానీ తిట్టు బావుంది. నేను తెలుగులో అందుకున్నాను. ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది. సగం ఆట అయ్యేసరికి ఇద్దరం ఒకే బంతి కోసం లేచి నిలబడుతున్నాం. మా జట్టు గెలవాలని అంత గట్టిగా కోరుకుంటానని నేననుకోలేదు. గెలవాలి. నేను లోపల ఉండగా గెలవాలి. ఈ ఒక్కటీ గెలిస్తే చాలు, అనుకున్నాను. ఎవరికీ చెప్పక్కర్లేదు, నాకు తెలిస్తే చాలు.

ఇంకాసేపట్లో ముగుస్తుందనగా, మా డిఫెండర్, చొక్కా మీద నాలుగు అంకె ఉన్నవాడు, బంతిని వెనక్కి మా గోల్‌కీపర్‌కి తన్నబోయాడు. ఏమరుపాటుగా తన్నాడు. బంతి సగం దారిలో చచ్చినట్టు మెల్లగా దొర్లింది. అవతలివాడు అందుకున్నాడు. గోల్.

స్టేడియం నోరు పడిపోయింది. దూరంగా ఓ మూల నుంచి, పక్కింట్లో గొడవలాంటి ఆ చిన్న గోల.

నేను తల వంచుకుని నా చెప్పుల వైపు చూశాను.

అదీ నన్ను చంపింది. గోల్ కాదు. స్టాటిస్టిక్స్ చెప్పినదాన్ని, ఆ నాలుగో నంబరు వాడి తప్పు నా కళ్ళతో చూసినదాన్ని, ముందు నా కాళ్ళ వైపే చూసుకున్నాను. అత్తయ్య మాట నాలో ఎంత లోతున కూర్చుందో అప్పుడు తెలిసింది. మెక్సికన్ ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, మైదానం వైపు వేలు చూపించి, ఆ నాలుగో నంబరు వాడి ఏడు తరాల్నీ తిట్టింది. ఆవిడకి సందేహమే లేదు. నేను తలెత్తి ఆవిడతో పాటు అరిచాను. ఆట ముగిసేదాకా అరిచాను. మేం ఓడిపోయాం.

వాళ్ళు టెంటు దగ్గరికి వచ్చేసరికి నేను కుర్చీలు మడుస్తున్నాను. డ్రమ్ములు మూగగా ఉన్నాయి. ఓడినా అలవాటు మానలేదు, ఒక్కొక్కరూ గుంజని తట్టారు. గ్రెగ్ బొంగురు గొంతుతో, “నీ డ్యూటీ నువ్వు చేశావు రాగిణీ. మేమే పోగొట్టాం,” అన్నాడు.

ఫణి నా చెవి దగ్గరికి వచ్చాడు. “పోన్లే, నువ్వు బయటే ఉన్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే నిన్నే అనేవాళ్ళు.”

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. వచ్చే సీజన్ కూడా నేను వాళ్ళ అదృష్టాన్నే.

“నేను లోపలే ఉన్నాను,” అన్నాను ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా. “మొదటి నుంచీ. ఆ మూల సీట్లో. నాలుగో నంబరు వాడు బంతి సరిగా తన్నలేదు. నేను చూశాను.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. డ్రమ్ములవాడు, “సరే, అయితే అదన్నమాట కారణం,” అన్నాడు హాస్యంగా. హాస్యం సగం దారిలోనే ఆగింది. గ్రెగ్ కూలర్ మూత తీసి, లోపల ఏమీ లేకపోయినా చూస్తూ నిలబడ్డాడు. డెనీస్ మొహం ఎర్రబడింది. గుంజ తట్టిన చేతిని ప్యాంటు జేబులో పెట్టుకుంది.

కార్లో ఫణి రేడియో పెట్టి, మళ్ళీ ఆపేశాడు.

“చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది?” అన్నాడు చివరికి. “గ్రెగ్ ముందు. సరిగ్గా ఈ టైమ్‌లో. మన ఫైలింగ్ ఏ స్టేజ్‌లో ఉందో నీకు తెలుసు.”

“గ్రెగ్‌కి పాప సంగతి చెప్పాల్సిన అవసరం నీకేమొచ్చింది?”

సిగ్నల్ ఎర్రగా ఉంది. అతను స్టీరింగ్ మీద వేళ్ళు బిగించాడు.

“నమ్మనన్నావు ఫణీ.”

“నమ్మను.” మళ్ళీ అన్నాడు, “నమ్మను. కానీ డాక్టర్ ఏం చెప్పింది? నీలో ఏ లోపమూ లేదంది. నాలో లేదంది. పాపలో లేదంది. మరెందుకు పోయినట్టు? ఏదో ఒకటి ఉండాలి కదా రాగీ. నేను ఎవర్ని అనుకోను?”

అతని కళ్ళు తడిగా ఉన్నాయి. జాలి వేసింది. ఆ జాలే నన్ను ఇన్నాళ్ళూ పొయ్యి ముందు నిలబెట్టిందని కూడా గుర్తొచ్చింది.

“ఎవర్నైనా అనుకో,” అన్నాను. “దేవుణ్ణి అనుకో. నన్ను తప్ప.”

సిగ్నల్ పచ్చబడింది. వెనకవాడు హారన్ కొట్టాడు.

ఇల్లు వచ్చింది. గరాజ్ తలుపు పైకి లేచింది. ఇంజను ఆపగానే ఫణి దిగి, ఖాళీ చేతుల్తో, గబగబా లోపలి తలుపు వైపు నడిచాడు. కూలర్లు నాకోసం డిక్కీలోనే ఉన్నాయి. ఎప్పుడూ ఇంతే. ఎక్కణ్ణుంచి వచ్చినా నాకంటే ముందు అతనే ఇంట్లోకి వెళతాడు. బరువులు మొయ్యడం బద్ధకం అనుకున్నాను ఇన్నాళ్ళూ. మగవాళ్ళంతా అంతే అనుకుని సర్దుకున్నాను. ఈ ఇల్లు కొన్న రోజు, కొత్త కారు తెచ్చిన రోజు, ఆస్పత్రి నుంచి ఒట్టి చేతుల్తో వచ్చిన రోజు, ఒక్కొక్కటీ కళ్ళ ముందుకి వచ్చాయి. ఒక్కసారి కూడా అతను నన్ను ముందు వెళ్ళనివ్వలేదు. బద్ధకం అయితే ఎంత బావుండేది!

“ఫణీ, ఆగు.”

తలుపు పిడి మీద చెయ్యి వేసి ఆగాడు. నేనేం చూశానో అతనికి అర్థమైంది. మొహంలో రంగు పోయింది.

“వెనక్కి వచ్చి కూలర్లు తీసుకో,” అన్నాను.

వచ్చాడు. ఒకదాని మీద ఒకటి పెట్టి రెండు చేతులా ఎత్తుకున్నాడు. నేను అతని పక్కనుంచి దాటి తలుపు తీశాను. చీకటి పడకపోయినా లోపల మసకగా ఉంది. సింకులో పొద్దుటి కప్పు అలాగే ఉంటుందని తెలుసు. లైటు వెయ్యలేదు. గడప ముందు ఒక్క క్షణం నిలబడ్డాను, అతను బాగా చూసేదాకా.

తర్వాత ఎడమకాలు పెట్టి లోపలికి వెళ్ళాను.